ఆఖరున ఊడాల్సిన వైరు

"నా తప్పేనేమో అక్కా," అంది ఏంజలిన్. "అమ్మ మీ దగ్గరికి ఎందుకొచ్చిందో నాకు తెలుసు. కానీ నా తప్పేనేమో."

గంగాభవాని కుర్చీ దగ్గరికి లాక్కుంది. రైల్వే రక్షణ దళంలో సబ్ ఇన్‌స్పెక్టర్‌గా ఉన్నప్పుడూ, ముందుగానే రిటైరై సొంతంగా వాకబు పనులు చేస్తున్న ఈ కొన్నేళ్లలోనూ ఎంతోమంది నేరం ఒప్పుకోవడం ఆమె విన్నది. చెయ్యనిదాన్ని ఒప్పుకునేవాళ్ల గొంతు కాస్త తొందరగా ఉంటుంది. ఈ అమ్మాయి గొంతు అలాగే ఉంది.

షాపంటే ఒకే గది. రైల్వే కాలనీలో, ఓల్డ్ సెటిల్‌మెంట్ సందులో, తలుపు మీద 'ఏబెల్ యాంప్ సర్వీస్' అని బోర్డు. గిటార్ చప్పుడును పెద్దది చేసే పెట్టెల్ని బాగుచేయడం, వాటి విడిభాగాలు అమ్మడం, అంతే పని. ఏబెల్ పోయాక ఆయన కుర్చీలో కూతురు కూర్చుంది. మరమ్మతు అయ్యాక వెనక మూత మరల మీద ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టడం ఏబెల్ అలవాటు, ఇప్పుడు కూతురిదీ. హిజ్లీలోని కాలేజీ హాస్టళ్ల కుర్రాళ్లు పాత యాంప్ కొనేటప్పుడు ముందు దాన్ని వెనక్కి తిప్పి ఆ చుక్క కోసం చూసేవాళ్లు. చుక్క ఉంటే ఇక బేరం ఉండేది కాదు.

ఇప్పుడు ఆ చుక్కల్ని బ్లేడుతో గీకేస్తున్నారట.

కారణం సిరిల్ చావు. రైల్వే స్టోర్స్‌లో గుమాస్తా, చర్చిలో గిటార్ వాయించేవాడు. కిందటి వారం శనివారం సాయంత్రం చర్చి హాల్లో ప్రాక్టీసుకని గిటార్ భుజాన వేసుకుని మైకు దగ్గర నోరు పెట్టాడు. పెదవి మైకుకి తగిలింది. గిటార్ తీగల్లోంచి కరెంటు వాడి ఒంట్లోంచి పోయింది. ఆస్పత్రికి చేరేసరికే అయిపోయింది. ఆ గిటార్ తగిలించిన యాంప్‌ని అంతకు మూడు వారాల ముందు బాగుచేసింది ఏంజలిన్.

"అప్పుడు దానికి ఏటి చేసినావు?" గంగాభవాని అడిగింది.

"పవర్ కార్డు మార్చినాను. పాతది రెండు పిన్నులది. మూడు పిన్నులది వేసినాను."

"మూడోది ఎర్తు కదా. నాకు తెలియనట్టే చెప్పు."

"లోపల ఎక్కడైనా కరెంటు ఇనప బాడీకి తగిలిందనుకోండి, ఆ వైరు దాన్ని నేలలోకి లాగేస్తాది. ఫ్యూజు టప్పుమని పోతాది. నాన్న అనేవారు, పెట్టె పోవాలి గానీ మనిషి పోకూడదని." ఏంజలిన్ ఒక కార్డు ముక్క తీసి చూపించింది. లోపలి మూడు వైర్లలో ఆకుపచ్చ ఎర్తు వైరు మిగతా రెండిటి కంటే బొటనవేలంత పొడుగ్గా ఉంది. "మా దగ్గర ఇలాగే కోస్తాం. ఎవరైనా కార్డు పట్టుకు లాగితే ఆ రెండూ ముందు ఊడాలి. ఇది ఆఖరున ఊడాలి."

"సిరిల్‌ దానికీ ఇలాగే బిగించినావా?"

"బిగించినాననే అనుకుంటున్నాను."

"అనుకోడం కాదు తల్లీ."

"అక్కా, ఆ రోజు నుంచీ కళ్లు మూసుకుంటే చాలు, ఆ వైరు బిగిస్తూనే ఉన్నాను. అప్పుడు బిగించినానో, ఇప్పుడు బిగిస్తున్నానో నాకే తెలీట్లేదు. సిరిల్ వాళ్ల తరఫు డిటెక్టివ్, హరిబాబు గారొచ్చి ఫోన్లో ఫొటో చూపించినారు. వైరు ఊడి ఉంది. రేపు పోలీసులకి రిపోర్టు ఇస్తారట."

గంగాభవాని అరలవైపు చూసింది. ఎప్పుడూ పెట్టెలతో నిండి ఉండే అరలు ఖాళీగా ఉన్నాయి. ఒక్కటి మాత్రం మిగిలింది.

"అదెవరిది?"

"ఇందా పేటలో ఉంటాడు, బెంగాలీ ఆయన, మైతి దాదాది. అందరూ వచ్చి పట్టుకుపోయినారు, బాగుచెయ్యనివి కూడా. ఆయనా వచ్చినాడు. టీ తాగినాడు. 'తాడాహుడో నేయి' అనేసి, తొందరేం లేదని వెళిపోయినాడు."  ఇన్ని రోజుల్లో ఆమె మీద ఎవరైనా నమ్మకం ఉంచారంటే ఆ ఒక్క పెట్టె రూపంలోనే.

"ఆ శనివారం షాపు తీసినావా?"

"లేదు. నాన్న పోయి ఏడాది. ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక. శుక్రవారం, శనివారం రెండ్రోజులూ మూసేసినాం. శుక్రవారం సిరిల్ ఫోన్ చేసినాడు, నేను ఎత్తలేదు."

"ఎందుకు చేసినాడో?"

"ఇప్పుడు ఎవర్ని అడగను?"

గంగాభవాని లేచింది. ఏంజలిన్ ఆమె వెనకే గుమ్మం దాకా వచ్చింది. "అక్కా, ఐదింటికి షట్టర్ దించేస్తాను. బోర్డు కూడా దింపించేస్తాను. నన్ను పట్టుకుపోతే పట్టుకుపోనీ. నాన్న పేరు కింద నిలబెట్టి ఫొటో తీస్తారేమో, అది నావల్ల కాదు."

"బోర్డు దింపితే నేరం ఒప్పుకున్నట్టే."

"ఒప్పుకోలేదని మాత్రం ఎవరనుకుంటన్నారు?"

"ఐదింటి దాకా ఆగుతావు కదా. అది చాలు."

* * *

పోలీసులు చూసి రాసుకుని, ఆ యాంప్‌ని చర్చి కమిటీ జిమ్మాలోనే వదిలారు. హాలు వెనక కుర్చీలు పేర్చే గదిలో దాన్ని బల్ల మీద పెట్టి, పక్కనే హరిబాబు కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు గంగాభవానితో పాటే రక్షణ దళంలో చేశాడు. ఇప్పుడు ఇందాలో డిటెక్టివ్ ఏజెన్సీ. సిరిల్ భార్య జెన్నిఫర్ తరఫున ఈ పని చూస్తున్నాడు.

"రండి మేడమ్. రిటైరైనవాళ్లని ఎండలో తిప్పుతున్నారు పాపం."

"నేను రిటైరయ్యాను హరిబాబూ. నిన్ను పంపించేసినారు. తేడా ఉంది."

అతను నవ్వాడు గానీ ఆ నవ్వు కళ్లదాకా రాలేదు. వెనక మూత తీసి పక్కన పెట్టాడు. "చూసుకోండి. ఎర్తు వైరు గాల్లో ఉంది. ఇంక ఇందులో డిటెక్టివ్‌కి ఏటి పని? స్కూలు పిల్లాడు కూడా చెప్తాడు."

మూత మరల మీద ఎర్ర చుక్కలు పగిలి ఉన్నాయి.

"మొదట విప్పింది ఎవరు?"

"పోలీసులు. నా ముందే."

"అప్పటికి ఈ చుక్కలు పగిలి ఉన్నాయా?"

"ఏం, నెయిల్ పాలిష్ ఏ రంగో కూడా రాసుకోవాలా?"

ఆమె టార్చి వేసి వంగింది. రెండు వైర్లు వాటి చోట గట్టిగా ఉన్నాయి. ఆకుపచ్చది విడిగా, వెనక్కి మడిచి ఉంది. దాన్ని వేలితో చాపి మిగతా రెండిటి పక్కన పెట్టి చూసింది. చివర కోసేసినా ఇంకా అదే పొడుగ్గా ఉంది. దానికి ఎదురుగా ఇనప బాడీకి ఒక బోల్టు. నట్టు చుట్టూ రూపాయి కంటే చిన్నగా, గుండ్రంగా రంగు గీకి ఉంది. లోపలి ఇనుము మెరుస్తోంది.

"వైరు చివర రింగు ఉండేది. రింగుకి ఇనుము సరిగ్గా తగలాలని కింద రంగు గీకింది ఏంజలిన్. బిగించకుండా వదిలేసే మనిషి రంగు ఎందుకు గీకుతుంది? ఇది బిగించిందే. తరవాత ఎవరో తీసినారు."

"తనే తీసిందేమో. కొయ్ మని చప్పుడు వస్తోందని."

"దీన్ని చూడు." ఆమె వైరు చివరని టార్చి వెలుగులోకి తెచ్చింది. కోసిన చివర బయటికి కనపడకుండా తెల్లటి నూలు టేపు, చుట్టు మీద సగం చుట్టు పడేలా ఒద్దికగా చుట్టి ఉంది. పైన మైనం పట్టించిన దారంతో కట్టు. "ఏంజలిన్ బల్ల మీద ఉన్నది ప్లాస్టిక్ టేపు. ఈ నూలు టేపు, ఈ మైనం దారం మనిద్దరం ఎక్కడ చూసినామో గుర్తుందా? యార్డులో కేబుల్ దొంగతనం కేసులప్పుడు. రైలు డబ్బాల కింద పడుకుని పాకుతూ వెతికినాం. కోచ్ లైటింగు ఫిట్టర్లు కట్టే కట్టు ఇది."

"టేపు ఎవరైనా చుడతారు."

"కోసినాక నట్టుని వాషరుతో సహా మళ్లీ బిగించినాడు, పోకుండా. పగతో చేసినవాడు నట్టు బిగించడు. అశ్రద్ధగా చేసినవాడు ఇంత శ్రద్ధగా టేపు చుట్టడు. ఎంతో ఇష్టంగా చేసిన పని ఇది."

హరిబాబు మూత తీసుకుని మరలు బిగించడం మొదలుపెట్టాడు. చేతులు తొందరపడుతున్నాయి.

"హరిబాబూ."

"ఏటి?"

"వేరే ఎవరో తీసినారని ఇంతసేపూ చెప్తున్నాను. ఎవరు అని నువ్వు ఒక్కసారీ అడగలేదు."

స్క్రూడ్రైవర్ ఆగింది.  ఆమె టార్చి ఆర్పి, బయటికి నడిచింది.

* * *

సిరిల్ తండ్రి తీతు ఇంట్లో ఒక్కడే ఉన్నాడు. కోడలు ఆఫీసు కాగితాల పని మీద వెళ్లిందట. వెళ్తూ వెళ్తూ మామగారికి అన్నం మూతపెట్టి, వేసుకోవలసిన మాత్రల్ని పక్కనే చిన్న మూతలో లెక్కగా పెట్టి వెళ్లింది. అంత దుఃఖంలోనూ ఆమె ఆ మాత్రలు మరిచిపోలేదని గంగాభవాని గమనించింది.

"రా తల్లీ, కూకో. పోలీసమ్మాయివి కదూ నువ్వు? గోవిందరావు గారి కూతురివి."

"అవును బాబాయ్. ఇప్పుడు పోలీసు కాదు."

గోడకున్న కాలింగ్ బెల్ వైరు, టేబుల్ ఫాను కార్డు, ఆఖరికి చీపురు పిడి కూడా తెల్లటి నూలు టేపుతో చుట్టి ఉన్నాయి. చుట్టు మీద సగం చుట్టు. ఆమెకి కూర్చోబుద్ధి కాలేదు. అయినా కూర్చుంది.

"బాబాయ్, ప్రాక్టీసుకి ముందు మీరు ఆ పెట్టె విప్పినారా?"

"ఇప్పినాను." ముసలాయన తడుముకోలేదు. "ఆ పిల్ల సేసిన తప్పు ఒకటి నేనే సరిసేసినాను."

"ఏటా తప్పు?"

"శుక్రవారం మావోడు పెట్టెని సైకిలు మీద తెస్తంటే వాన పట్టుకుంది. ఇంటికొచ్చి స్విచ్చి ఏస్తే ఫ్యూజు టప్. మళ్లీ ఏస్తే మళ్లీ టప్. ఏంజలిన్‌కి ఫోను సేసినాడు. ఎత్తలేదు. 'ఆళ్ల నాన్న కూడిక కదా, సోమారం ఇస్తాలే' అన్నాడు. నేనుండగా సోమారం దాకా ఎందుకురా, రేపు నీకు ప్రాక్టీసు ఉంది కదా అన్నాను." తీతు తువ్వాలుతో ముక్కు తుడుచుకున్నాడు. "ఇప్పి సూద్దును గదా, ఒక వైరు అట్టికెళ్లి సక్కా బాడీకే బిగించీసింది! ముప్పై ఏళ్లకి పైన కోచ్ లైటింగులో సేసినానమ్మా. డబ్బాలో రెండు వైర్లూ బాడీకి దూరంగా ఉండాల. ఏదన్నా బాడీకి తగిలిందంటే అదే ఫాల్టు. బాడీ ఎర్తు అంటాం. టెస్ట్ లేంపు అట్టుకుని డబ్బా డబ్బా ఎతికి, అది తీసీడమే మా పని. అది ఉండగా బండి కదల్నివ్వం."

"తీసేసినారు."

"తీసినాను. సివర దేనికీ తగలకుండా కట్టినాను. స్విచ్చి ఏసినాను. ఫ్యూజు నిలబడింది." ఆయన ముఖం ఒక్క క్షణం వెలిగింది. "ఆడు నవ్వినాడమ్మా. 'మా నాన్నుండగా నాకేటి' అన్నాడు. ఒకసారి వాయించినాడు కూడా. తీగలు కాస్త సురుక్కుమంటన్నాయి అన్నాడు. తడి ఇంకా ఆరనేదు, సెప్పులేసుకోరా అన్నాను."

గంగాభవాని చూపు దించుకుంది. ఫ్యూజు రెండుసార్లు పోయి చెప్పింది. తీగలు చురుక్కుమని చెప్పాయి. ఇంట్లో చెప్పులు కాపాడాయి. హాల్లో ఎర్తు ఉన్న మైకుకి పెదవి తగిలాక కాపాడేది ఏదీ మిగల్లేదు.

"ఆ పిల్ల ఇంకెక్కడో ఇంకో తప్పు సేసుంటాది," అంటున్నాడు తీతు. "అది నాకు దొరకనేదు. పొద్దున్న ఇంకాసేపు కూకుని ఎతికుంటే దొరికేది. నేను ఎతకనేదు. అదే నా బాధ."

"ఈ సంగతి ఎవరికైనా చెప్పినారా?"

"హరిబాబుకి సెప్పినాను. ఎవరికీ సెప్పొద్దన్నాడు. లాయర్లు మెలికలు పెడతారంట." ఆయన మోకాళ్ల మీద చేతులాన్చి లేచాడు. "ఉండు, టీ పెడతాను. కోడలు పాలు మరిగించి ఎల్లింది."

ఆమె లేచి వరండా వైపు నడిచింది.

* * *

వరండాలోకి వచ్చేసరికి హరిబాబు మోటార్ సైకిల్ దిగుతున్నాడు.

"చెప్పేశావా?" అన్నాడు. మేడమ్ అనడం మానేశాడు.

"లేదు."

"చెప్పకు భవానీ. దణ్ణం పెడతాను."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"నాలుగు రోజులైంది. వైరుకి కట్టిన కట్టు గురించి నేనేమీ అడగలేదు, ఆయనే చెప్పేశాడు. గొప్పగా చెప్పాడు."

"తెలిసీ ఏంజలిన్ మీద రిపోర్టు రాసినావు. ఆయన కోసం దాచినావా, గెలవడం కోసం దాచినావా?"

హరిబాబు రోడ్డు వైపు చూశాడు. "మొదట గెలవడం కోసమే. అబద్ధం చెప్పను. తరవాత నిద్ర పట్టలేదు. ఆలోచించు. ఏంజలిన్‌కి చేతిలో పనుంది, ఇక్కడ కాకపోతే ఇంకో ఊళ్లో బతుకుతుంది. కేసు నాలుగేళ్లు నడిచి కొట్టేస్తారు. ఈయనకి ఏటుంది? కోడలు పెట్టే అన్నం ముద్ద. కొడుకు తనవల్లే పోయాడని తెలిశాక ఆ ముద్ద ఎలా మింగుతాడు? పోనీ, ఆవిడ ఎలా పెడుతుంది?"

"తను చంపిందనుకుని ఆ పిల్ల కళ్లు మూసుకోలేకపోతోంది. ఒక మనిషి మీద జాలిపడి, ఆ బరువు ఇంకో మనిషి నెత్తిన పెడతావా? వాళ్ల నాన్న ఎర్ర చుక్క పెట్టిన పెట్టెల్ని ఈ ఊళ్లో బ్లేడుతో గీకుతున్నారు హరిబాబూ. ఆ వైరు లేకపోబట్టే సిరిల్ పోయాడు. వైరు పెట్టింది ఆ పిల్ల!"

మాట బయటికి వచ్చేసింది. వెనక గాజు గ్లాసులు ఒకదానికొకటి తగిలిన చప్పుడైంది.

తీతు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. రెండు చేతుల్లో రెండు టీ గ్లాసులు. టీ అంచులు దాటి వేళ్ల మీద పడుతోంది. ఆయనకి వేడి తెలియడం లేదు.

"హరిబాబూ," అన్నాడు. "ఆ వైరు రైలు డబ్బాలో ఉంటే తప్పు. ఇళ్లల్లో సామాన్లకి దేనికి పెడతారు?"

 గంగాభవాని వెళ్లి ఆ గ్లాసులు రెండూ ఆయన చేతుల్లోంచి తీసుకుని కింద పెట్టింది. ఆయన చేతులు తన చేతుల్లోకి తీసుకుంది.

"లోపల తడి దిగి కరెంటు బాడీకి పాకితే, ఆ వైరు దాన్ని నేలలోకి తీసుకుపోతుంది బాబాయ్. అప్పుడు ఫ్యూజు పోతుంది."

"పోయింది. రెండుసార్లు పోయింది."

"పెట్టె చెడిపోయిందని చెప్పడానికి పోయింది. వాడొద్దని."

"నేను... ఆపినాను దాన్ని."

 ముసలాయన ఆమె చేతులు వదిలి గుమ్మం కోసం తడిమాడు. పక్కకి ఒరిగిపోకుండా హరిబాబు భుజం అడ్డుపెట్టి మెట్టు మీద కూర్చోబెట్టాడు. ఆ పని చేసేటప్పుడు అతని ముఖం గంగాభవానికి పాత రోజుల్లోని ముఖంలాగే కనిపించింది.

తీతు ఏడవలేదు. తన రెండు అరచేతుల్ని చాలాసేపు తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఎదురు క్వార్టర్లో ఎవరో కుక్కర్ దించారు. సందులో ఒక సైకిల్ బెల్లు మోగుతూ వెళ్లిపోయింది.

"ఏంజలిన్‌కి ఇది తెలుసా?"

"తెలీదు. తనే చేశానేమో అనుకుంటోంది."

"ఏబెల్ నన్ను అన్నా అని పిలిసేవోడు. ఆ షాపు ఏటయింది?"

"ఐదింటికి మూసేస్తానంది. బోర్డు దింపేస్తుందట."

ఆయన లేచి లోపలికి వెళ్లాడు. చొక్కా తొడుక్కుని వచ్చాడు. గుండీలు ఒకదాని బదులు ఒకటి పడ్డాయి.

"పెద్దాయనా, రేపు వెళ్దాం," అన్నాడు హరిబాబు.  "నా రిపోర్టు ఎక్కడికీ పోదు, చింపేస్తాను. ముందు జెన్నిఫర్‌ని రానివ్వండి."

"జెన్నిఫర్ వస్తే నాకు దైర్యం సాలదు బాబూ. ఆ పిల్ల బోర్డు దింపకముందే ఎల్లాల."

హరిబాబు మోటార్ సైకిల్ స్టార్ట్ చేసి తెచ్చి మెట్ల ముందు నిలిపాడు. తీతు దాని పక్కనుంచి దాటి సందులోకి దిగాడు.

"నడిసే ఎల్తాను. దారి పొడుగునా అందరూ అడుగుతారు, ఎక్కడికని. అడిగినోళ్లందరికీ సెప్పాల గదా."

గంగాభవాని ఆయన వెనకే, చెయ్యి చాపితే అందేంత దూరంలో నడిచింది. పది అడుగులు పడ్డాయో లేదో, సందు మొదట్లో ఆటో ఆగింది. చేతిలో ఆఫీసు కాగితాల సంచీతో జెన్నిఫర్ దిగింది. మామగారిని చూసి, ఆయన గుండీలు చూసి, గబగబా దగ్గరికొచ్చింది. చీర కొంగు ఆయన తల మీదికి ఎండ తగలకుండా అడ్డుపెట్టింది.

"ఎక్కడికి మామయ్యా, ఇంత ఎండలో?"